ఈ సన్నివేశం ఎవరిది? ధారావాహికలో కెమెరాతో పాత్రను, మనఃస్థితిని నిలబెట్టే పద్ధతి

నాటక పరిషత్తుల్లో ఆరితేరిన నటులు, ఊళ్లోనే అడిగితే దొరికిన ఒక ఇల్లు, అద్దెకు తెచ్చుకున్న ఒక కెమెరా. ఒంగోలులోనో నెల్లూరులోనో ఒక చిన్న బృందం ధారావాహిక తీయడానికి పూనుకున్నప్పుడు చేతిలో ఉండేవి సాధారణంగా ఇవే. కథ బాగుంటుంది, సంభాషణల్లో మన యాస సహజంగా పలుకుతుంది, నటులు పాత్రను అర్థం చేసుకొని ఉంటారు. అయినా ఎడిటింగ్ పూర్తయ్యాక చూస్తే సన్నివేశం చప్పగా, ఎవరి బాధా మనల్ని తాకకుండా సాగిపోతుంది. దీనికి కారణం చాలాసార్లు ఒక్కటే: కెమెరాను నాటకం చూసే ప్రేక్షకుడు కూర్చునే చోట నిలబెట్టి, అందరూ కనబడేలా, అందరి మీదా సమానంగా వెలుతురు పడేలా చిత్రీకరించడం. రంగస్థలం ముందు ప్రేక్షకుడి కుర్చీ కదలదు కాబట్టి నటుడే గొంతు పెంచి, చేతులు విప్పి, ఆఖరి వరుస దాకా చేరుకోవాలి. కెమెరా ఉన్నప్పుడు ఆ దూరాన్ని దాటవలసిన బాధ్యత నటుడిది కాదు, కెమెరాది.

ఎంత దగ్గరగా ఉండాలి, ఎంత ఎత్తులో ఉండాలి, ఏ లెన్సు వాడాలి, కదలాలా వద్దా, వెలుతురు ఎటునుంచి రావాలి అన్న ప్రశ్నలన్నిటికీ ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ సన్నివేశం ఎవరిది? ఎక్కువ మాటలు ఎవరికున్నాయని కాదు, ఈ నాలుగు నిమిషాల్లో ఎవరి లోపల ఏదో మారుతోందని. దర్శకుడు, ఛాయాగ్రాహకుడు ఈ ప్రశ్నకు ఒకే జవాబు చెప్పేదాకా కెమెరా పెట్టె తెరవకూడదని నా గట్టి అభిప్రాయం.

ఒకే సన్నివేశం, మూడు రకాలు

ఒక సన్నివేశం ఊహించుకుందాం. టంగుటూరు పొగాకు వేలం కేంద్రానికి బేళ్లు తీసుకుపోయిన రైతు పొద్దుగూకేవేళ ఇంటికి తిరిగి వస్తాడు. కూతురు హాల్లో బల్ల దగ్గర కూర్చొని ఏదో రాసుకుంటూ ఉంటుంది. తల్లి వంటగది గుమ్మంలో నిలబడి ఉంటుంది.

“ఏమైంది నాయనా?”

“నో బిడ్ పెట్టారమ్మా, ఎవరూ కొనలా. మళ్లీ తీసుకుపోవాల.”

“మరి ఫీజు?”

“చూద్దాంలే.”

తల్లి ఒక్క మాటా మాట్లాడదు. కాగితం మీద ఇది అర పేజీ కూడా ఉండదు. దీన్ని ముగ్గురిలో ఎవరి సన్నివేశంగానైనా తీయవచ్చు, తీసిన ప్రతిసారీ కథే మారిపోతుంది.

ఇది తండ్రి సన్నివేశమని నిర్ణయించుకుంటే కెమెరా అతనితో పాటు ఇంట్లోకి రావాలి. గేటు దగ్గర నుంచి అతని వీపు వెనుక నాలుగడుగుల దూరంలో నడవండి. అతను చెప్పులు విడిచేందుకు ఆగినప్పుడు మీరూ ఆగండి. కూతురి ప్రశ్నను అతని భుజం మీదుగా తీసే సజెషన్ షాట్‌లో వినిపించండి. ఆ ప్రశ్న ఎంత బరువైనదో అతని వైపు నుంచి చూస్తేనే తెలుస్తుంది. అతని ముఖాన్ని వెంటనే చూపించవద్దు. “చూద్దాంలే” అనే మాట దగ్గర మాత్రమే కెమెరా ముందుకు వచ్చి అతని ముఖాన్ని దగ్గరగా చూడాలి. అప్పటిదాకా దాచుకున్న ముఖం కాబట్టి ఆ ఒక్క క్లోజప్ సన్నివేశమంతటినీ మోస్తుంది.

కూతురిదైతే కెమెరా ఆమె పక్కనే, కూర్చున్న మనిషి కంటి ఎత్తులో ముందునుంచే ఉండాలి. తండ్రి గుమ్మంలో ఒక ఆకారంగా కనబడతాడు. వెనుక సాయంకాలపు వెలుతురు ఉండటంతో ముఖం స్పష్టంగా కనబడదు. అతను “నో బిడ్” అంటున్నప్పుడు కెమెరా అతని మీద ఉండకూడదు, వింటున్న ఆమె మీద ఉండాలి. మాట చెప్పేవాడిని చూపించడం సమాచారం ఇవ్వడం, మాట వినేవారిని చూపించడం అనుభవం ఇవ్వడం. కొత్తగా తీసేవారు నేర్చుకోవలసిన మొదటి క్రమశిక్షణ ఇదే. మాట్లాడే ప్రతి మనిషి వైపూ కెమెరా తిరగాలనే అలవాటు పోతే సగం పని అయినట్లే.

తల్లిదైతే పూర్తిగా వేరు. కెమెరాను వంటగదిలోకి తీసుకుపోండి. ముందు భాగంలో ఆమె భుజం, చెంప, వెనుక గుమ్మం చట్రంలో చిన్నగా తండ్రీ కూతుళ్లు. ఫోకస్ ఆమె మీదే ఉంచి వాళ్లిద్దరినీ మసకగా వదిలేయండి. మాటలు కొంచెం దూరం నుంచి వినిపించాలి. “మరి ఫీజు?” అన్నప్పుడు ఆమె చేతిలోని గరిటె ఆగితే చాలు, ఆమెకు సంభాషణ రాయవలసిన పని లేదు. ఎవరూ పలకరించని మనిషి ఇంట్లో అన్నీ ముందుగా అర్థం చేసుకునే మనిషని ప్రేక్షకుడికి ఆ ఒక్క షాట్ చెబుతుంది. ఈ మూడింటిలో నేనైతే దీన్నే ఎంచుకుంటాను. నిర్ణయం మీది, మీ కథది. ముగ్గురికీ తలా ఒక క్లోజప్ పంచిపెడితే మాత్రం సన్నివేశం ఎవరిదీ కాకుండా పోతుంది.

దూరం, లెన్సు

లెన్సుకు ఒక భావం ఉంటుందని చాలామంది చెబుతారు గానీ, ముఖం ఆకృతిని నిజంగా మార్చేది కెమెరాకూ ముఖానికీ మధ్య ఉన్న దూరం. అర మీటరు దూరం నుంచి తీస్తే ముక్కు ముందుకు వచ్చి, చెవులు వెనక్కి పోయి, ముఖం ఉబ్బినట్లు కనబడుతుంది. రెండు మీటర్ల నుంచి తీస్తే కొలతలు మనం రోజూ చూసే మనిషివిగా ఉంటాయి. 24 ఎంఎం లెన్సుతో క్లోజప్ కావాలంటే దగ్గరికి పోక తప్పదు, 85 ఎంఎం లెన్సుతో అయితే వెనక్కి జరగక తప్పదు. ముఖంలో కనిపించే తేడా అందువల్ల వస్తుంది. ఇవి ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు, అంటే పెద్ద సెన్సారు (చిత్రాన్ని నమోదు చేసే భాగం) ఉన్నదానికి చెప్పిన సంఖ్యలు. అంతకన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సారు ఉన్న కెమెరాలో ఫుల్ ఫ్రేమ్ 50 ఎంఎం ఇచ్చే చూపు కావాలంటే దాదాపు 33 నుంచి 35 ఎంఎం లెన్సు పెట్టుకోవాలి. ఫోనుతో తీసేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. చాలా ఫోన్ల ప్రధాన కెమెరా 24 నుంచి 26 ఎంఎంకు సమానం కాబట్టి దానితో దగ్గరికి పోయి తీసిన క్లోజప్ ప్రతి పాత్రనూ వికృతం చేస్తుంది. ఫోనులో టెలీ లెన్సు (దూరపు వస్తువులను దగ్గరగా చూపేది) ఉంటే అది ఎంచుకొని రెండు మీటర్లు వెనక్కి జరగండి.

ఈ తేడాను పాత్ర కోసం వాడుకోవాలి. గదిలో అందరి మధ్యా ఉన్నా ఒంటరిగా ఉన్న మనిషిని దూరం నుంచి 85 ఎంఎంతో తీస్తే వెనుక గోడ, వెనుక మనుషులు మసకబారి అతను వేరైపోతాడు. ఇల్లంతా మీద పడుతున్నట్లు ఉన్న మనిషిని 28 లేదా 35 ఎంఎంతో దగ్గర నుంచి తీయండి. వెనుక ఆరేసిన బట్టలు, గోడ మీది ఫొటోలు, అటూ ఇటూ తిరిగే మనుషులు అన్నీ స్పష్టంగా ఉంటూ అతన్ని చుట్టుముడతాయి. మొదటిదాంట్లో ప్రపంచం అతన్ని వదిలేసింది, రెండోదాంట్లో అది అతన్ని వదలడం లేదు. రెండూ బాధే, కానీ ఒకే బాధ కాదు.

లాంగ్ షాట్‌ను ఊరిని పరిచయం చేయడానికి మాత్రమే వాడటం మన ధారావాహికల్లో కనబడే పెద్ద నష్టం. కనిగిరి, ఉదయగిరి వైపు మెట్ట భూముల్లో నిలబడిన మనిషిని ఫ్రేములో పదో వంతు కూడా లేనంత చిన్నగా చూపిస్తే, అతను ఏం పోగొట్టుకున్నాడో చెప్పే పని ఆ ఎండిన నేల చేస్తుంది. అదే మనిషిని కొత్తపట్నం సముద్రతీరపు ఇసుకలో అంతే చిన్నగా చూపిస్తే అది వేరే ఒంటరితనం, అందులో గాలి ఉంది, అవతలి ఒడ్డు మీద ఆశ ఉంది. లాంగ్ షాట్ విలువ దాని తరువాత ఏం వస్తుందో దాని మీద ఆధారపడి ఉంటుంది. దాని వెంటనే క్లోజప్‌కు కోస్తే ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు, ఆరు సెకన్లు నిలిపి ఉంచితే అతనే ఆ మనిషి దగ్గరికి మనసులో నడిచిపోతాడు.

ఎత్తు, చూపు

కిందనుంచి తీస్తే అధికారం, పైనుంచి తీస్తే నిస్సహాయత అనే సూత్రం తప్పు కాదు గానీ దాన్ని మొరటుగా వాడితే పాత్ర బొమ్మగా మారిపోతుంది. మన ఇళ్లలో దానికన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది: మనుషులు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండరు. ఒకరు కుర్చీలో, ఒకరు నులకమంచం మీద, ఒకరు నేల మీద పీట వేసుకొని, ఒకరు గుమ్మానికి ఆనుకొని నిలబడి మాట్లాడుకుంటారు. ట్రైపాడ్‌ను నిలబడ్డ ఆపరేటరుకు అనువైన ఎత్తులో వదిలేస్తే, నేల మీద కూర్చున్న అవ్వను తెలియకుండానే చులకనగా చూపించినట్లవుతుంది. ఆమె సన్నివేశమైతే కెమెరా కూడా నేల మీదికి దిగాలి. పొట్టి స్టాండు లేకపోతే ఇసుక సంచీ మీద పెట్టుకోండి. అప్పుడు ఎదుట నిలబడి మాట్లాడే కొడుకు ఎంత పొడుగ్గా, ఎంత దూరంగా కనబడతాడో మీరే చూస్తారు. అంగుళాల తేడాతో వచ్చే ఈ మార్పు పెద్ద పెద్ద యాంగిళ్ల కన్నా లోతుగా పనిచేస్తుంది.

నటుడి చూపు లెన్సుకు ఎంత దగ్గరగా ఉందనేది మరో సూక్ష్మమైన ఆయుధం. ఎదుటి నటుడిని లెన్సు పక్కనే నిలబెడితే రెండు కళ్లూ పూర్తిగా కనబడి, ప్రేక్షకుడు ఆ సంభాషణ లోపల ఉంటాడు. ఎదుటి నటుడిని లెన్సుకు బాగా పక్కకు జరిపితే ముఖం పక్కనుంచి కనబడి, ప్రేక్షకుడు చాటుగా చూస్తున్నవాడవుతాడు. అబద్ధం చెబుతున్న పాత్రను పక్కనుంచి తీసి, ఆ అబద్ధాన్ని నమ్ముతున్న పాత్రను ఎదురుగా తీస్తే, ఎవరి పక్షాన ఉండాలో ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనక్కరలేదు. అలాగే చూస్తున్న వైపు ఫ్రేములో ఖాళీ వదలడం సాధారణ పద్ధతి. ఆ ఖాళీని తీసేసి ముఖాన్ని ఫ్రేము అంచుకు ఆనిస్తే, వెనుక మిగిలిన ఖాళీ జాగా ఆ మనిషికి దారి లేదన్న భావన కలిగిస్తుంది. దీన్ని ఒక ఎపిసోడ్‌లో ఒకసారి వాడితే పనిచేస్తుంది, పదిసార్లు వాడితే కెమెరా పనితనం తెలియనివారు తీశారనిపిస్తుంది.

ఇద్దరి మధ్య ఊహించుకునే గీతకు ఒకే పక్కన కెమెరా ఉండాలన్న నియమం అందరికీ తెలిసిందే. దాన్ని దాటితే ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్లు కనబడతారు. ఒక బంధం తెగిపోయే క్షణంలో ఆ గీతను కెమెరా కదులుతూ దాటడం అర్థవంతం. అలాంటి కారణం లేకుండా దాటకండి.

కదలిక

కదిలే ముందు కారణం ఉండాలి. ఆ కారణం పాత్ర లోపల ఉండాలి. కెమెరానే చక్రాల మీద ముఖం దగ్గరికి మెల్లగా తీసుకెళ్లే ట్రాలీ, అక్కడే నిలబడి చేసే జూమ్ ఒకటి కావు. ట్రాలీతో పోయినప్పుడు ముందున్న వస్తువులు, వెనుకున్న గోడ పరస్పరం జరుగుతాయి కాబట్టి మనమే ఆ మనిషి దగ్గరికి నడిచినట్లు ఉంటుంది. జూమ్‌లో దూరం మారదు, చిత్రం పెద్దదవుతుంది అంతే. అందుకే జూమ్‌లో ఎవరో గమనిస్తున్నారన్న భావన ఉంటుంది. అనుమానానికి, నిఘాకు జూమ్ సరిపోతుంది. జాలికి, ప్రేమకు సరిపోదు. ట్రాలీ మొదలయ్యే క్షణం కూడా ముఖ్యమే. పాత్రకు ఆలోచన తట్టినప్పుడు మొదలై, నిర్ణయం తీసుకున్నప్పుడు ఆగాలి. మాట పూర్తయ్యాక మొదలుపెడితే ఆలస్యమైనట్లే.

ట్రాలీ నడిచే పట్టాలు (ట్రాక్) అద్దెకు తెచ్చే వీలు లేనప్పుడు ఇళ్లలో చక్రాల కుర్చీ బాగా ఉపయోగపడుతుంది. ఒంగోలు చుట్టుపక్కల చాలా ఇళ్లలో గ్రానైట్ నేల ఉండటం వల్ల అది కుదుపు లేకుండా దొర్లుతుంది. అయితే ఆ గ్రానైటే ఇంకో చిక్కు తెస్తుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ లాంటి నల్లటి, నునుపైన రాయి లైట్లనూ, ట్రైపాడ్‌నూ, ఒక్కోసారి కెమెరా వెనుక నిలబడ్డ మనిషినీ అద్దంలా చూపిస్తుంది. ప్రతి షాట్‌కు ముందు ఫ్రేము కింది సగాన్ని చూసుకోండి, అవసరమైతే పాత్ర ఇంట్లో సహజంగా ఉండే చాపో దుప్పటో పరచండి. కొన్నిసార్లు ఆ ప్రతిబింబాన్నే వాడుకోవచ్చు. నేలలో తలకిందులుగా కనబడే మనిషి కోసం వేరే లైటింగ్ ఏమీ అక్కరలేదు.

చేతిలో పట్టుకొని తీసే షాట్ గురించి ఒక్క మాట. అది కోపానికి, గాబరాకు మాత్రమే కాదు, ఇద్దరు అన్యోన్యంగా ఉన్నప్పుడు ఊపిరి పీల్చుకున్నంత మెల్లగా కదిలే కెమెరా ఎంతో దగ్గరితనాన్ని ఇస్తుంది. కుదుపులను తీసేసే గింబల్ అనే పరికరం వాడితే ఆ ఊపిరి పోతుంది. అది నీటి మీద తేలిపోతున్నట్లు ఉంటుంది కాబట్టి కల లాంటి సన్నివేశాలకు ఉంచుకోవడం మంచిది.

వెలుతురు

రోజూ వచ్చే ధారావాహికల్లో వెలుతురు అంత సమానంగా ఎందుకుంటుందో తెలుసుకోవడం మంచిది. 1951లో అమెరికాలో మొదలైన ఐ లవ్ లూసీ ధారావాహికను ప్రేక్షకుల ఎదుట మూడు ఫిల్మ్ కెమెరాలతో ఒకేసారి తీయవలసి వచ్చినప్పుడు, ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ మూడు కోణాలకూ పనికొచ్చేలా పైనుంచి అంతటా పరచిన వెలుతురును రూపొందించాడు. ఆయన అంతకుముందు నీడలతో నిండిన జర్మన్ మూకీ చిత్రాలను చిత్రీకరించినవాడు. అంటే చదునైన వెలుతురు ఆయన అభిరుచి కాదు, పని తొందరకు ఆయన కనుగొన్న పరిష్కారం. రోజుకు ఒక ఎపిసోడ్, అంటే ప్రకటనలు పోను దాదాపు 22 నిమిషాలు, తీయవలసిన బృందాలకు ఆ పరిష్కారం నేటికీ అవసరమే. కానీ ఒకే కెమెరాతో, షాట్ తరువాత షాట్ తీసే మీకు ఆ నిర్బంధం లేదు. ఉన్న స్వేచ్ఛను వదులుకోకండి.

మొదట గదిలో ఉన్న వెలుతురు చూడండి. ఒక కిటికీ నుంచి వెలుతురు వస్తుంటే మిగిలిన ట్యూబ్‌లైట్లు ఆర్పేయండి. ముఖానికి వెలుతురు పక్కనుంచి పడేలా పాత్రను కూర్చోబెట్టి, చీకటి వైపు ఒక తెల్లటి థర్మోకోల్ షీటు పెట్టండి. ఆ షీటును దగ్గరికి తెస్తే ముఖం మృదువవుతుంది, దూరం జరిపితే దాచుకున్న సంగతి ఏదో ఉన్నట్లు అవుతుంది. షీటు మొత్తంగా తీసేసి, దాని చోట నల్లగుడ్డ పెడితే సగం ముఖం చీకట్లోకి పోతుంది. పాత్ర మనసులో రహస్యం పెరిగేకొద్దీ ఎపిసోడ్ తరువాత ఎపిసోడ్‌లో ఆ షీటును అడుగు అడుగు చొప్పున వెనక్కి జరుపుతూ పోవచ్చు. ఇంత చవకైన, ఇంత శక్తిమంతమైన పరికరం మరొకటి లేదు.

బయట తీసేటప్పుడు దిక్కులు గుర్తుంచుకోండి. మనకు సముద్రం తూర్పున ఉంది. మైపాడులో సముద్రం మీద సూర్యోదయమే దొరుకుతుంది, అక్కడ నీళ్లలో అస్తమించే సూర్యుణ్ణి రాసిన సన్నివేశం తీయలేరు. మిట్టమధ్యాహ్నపు ఎండలో కనుబొమల నీడ కళ్లను మింగేస్తుంది కాబట్టి ఆ సమయంలో భావం ముఖం మీద ఆధారపడే సన్నివేశాలు పెట్టుకోవద్దు. ఎండలో వెనుక భాగం మసకగా కావాలన్నా చిక్కే. షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం) సెకనులో 1/50, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100 ఉంటే ఎండలో లెన్సు రంధ్రాన్ని దాదాపు ఎఫ్ 22 దాకా చిన్నది చేయాలి, అప్పుడు వెనుక భాగం కూడా స్పష్టంగా ఉంటుంది. ఆ రంధ్రాన్ని ఎఫ్ 2.8 దాకా తెరవాలంటే వెలుతురును ఆరు స్టాపులు (ఒక్కో స్టాపుకు సగం) తగ్గించాలి, అంటే లెన్సు ముందు వెలుతురును తగ్గించే ఎన్‌డీ 64 ఫిల్టరు పెట్టాలి.

రాత్రి దృశ్యాలను నిజంగా రాత్రి తీయాలని పట్టుబట్టకండి. విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంట గట్టు మీద కాపలా ఉన్న మనిషిని తీయాలనుకోండి. సూర్యుడు అస్తమించాక దాదాపు 20 నిమిషాలు ఆకాశం నీలంగా వెలుగుతూ నీళ్లలో ప్రతిఫలిస్తుంది. కెమెరాలో వైట్ బ్యాలెన్సు (ఏ వెలుతురును తెలుపుగా చూడాలో చెప్పే అమరిక) 3200 కెల్విన్‌లో పెడితే ఆకాశం మరింత నీలమవుతుంది, కాపలా గుడిసెలోని పసుపు బల్బు తన సహజ రంగులో ఉంటుంది. నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు చిమ్మే నీళ్ల మీద మెరుపు తప్ప వేరే కదలిక ఏమీ అక్కరలేదు. ఆ బల్బు వెలుతురు పాత్ర చెంప మీద మాత్రమే పడేలా చూసుకొని, మిగిలిన శరీరాన్ని ఆకాశానికి ఎదురుగా నీడలా వదిలేయండి. రొయ్య చచ్చిపోతుందేమోనన్న భయంతో నిద్ర లేని మనిషిని చూపించడానికి ఇది చాలు. ఆ 20 నిమిషాల్లో మూడు షాట్లకు మించి రావు కాబట్టి రిహార్సల్సు వెలుతురు ఉండగానే ముగించుకోవాలి.

ఇంట్లో ట్యూబ్‌లైట్ల కింద తీసేటప్పుడు తెర మీద నల్లటి చారలు కదలడం చాలామందిని వేధిస్తుంది. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలది కాబట్టి ఆ లైట్లు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకుంటే చారలు పోతాయి, మన టెలివిజన్ ప్రసారానికీ అదే వేగం. ఫోను 30 ఫ్రేములకే పరిమితమైతే కనీసం షట్టర్‌ను 1/50 లేదా 1/100కు బిగించండి.

ఎపిసోడ్ నుంచి ఎపిసోడ్‌కు

ధారావాహికకు సినిమాకు లేని బలం కాలం. ఒక పాత్రను ప్రేక్షకుడు వారాల తరబడి చూస్తాడు కాబట్టి కెమెరా ఆ పాత్రతో వ్యవహరించే తీరు అతనికి తెలియకుండానే అలవాటైపోతుంది. మొదటి ఎపిసోడ్‌కు ముందే ఒక నోటుపుస్తకంలో ప్రతి ముఖ్యపాత్రకు ఒక పేజీ కేటాయించి, ఆ పాత్రకు వాడే సాధారణ దూరం, ఎత్తు, లెన్సు, వెలుతురు వచ్చే దిక్కు రాసుకోండి. మనం చెప్పుకున్న తల్లికి మొదటి నాలుగు ఎపిసోడ్లలో ఒక్క క్లోజప్ కూడా ఇవ్వకూడదని, ఆమె ఎప్పుడూ గుమ్మాల్లో, మనుషుల వెనుక, ఫ్రేము పక్కన ఉండాలని రాసుకున్నారనుకోండి. అయిదో ఎపిసోడ్‌లో ఆమె తన గాజులు తాకట్టు పెట్టి ఫీజు కట్టాలని నిర్ణయించుకున్నప్పుడు మొదటిసారి ఆమె ముఖం తెర నిండా వస్తే, నేపథ్య సంగీతం లేకపోయినా ఇంట్లో చూస్తున్నవాళ్లు మాట్లాడటం ఆపేస్తారు.

రోజువారీ ధారావాహికల్లో ఒక మాట తరువాత గదిలోని ప్రతి ముఖం మీదికీ కెమెరా పోవడం, ఒక్కో ముఖాన్ని మూడేసిసార్లు చూపించడం గురించి చాలామంది విమర్శిస్తారు. స్పందన చూపించడం తప్పు కాదు, అది ఈ కళకు ప్రాణం. అందరి స్పందననూ సమానంగా చూపించడమే నష్టం, ఎందుకంటే ఎవరి స్పందన కథను ముందుకు నడుపుతుందో అప్పుడు తెలియదు. ఒక ముఖాన్ని ఎంచుకోండి. దాని మీద మామూలుకన్నా రెండు సెకన్లు ఎక్కువ ఉండండి.

రంగస్థలం నుంచి వచ్చిన నటుల విషయంలో చిత్రీకరణ వరుస కూడా ఆలోచించాలి. సన్నివేశమంతా అందరితో ఒకే షాట్‌లో తీసే మాస్టర్ షాట్ ముందు తీసి, తరువాత నడుము దాకా కనబడే మిడ్, సజెషన్, చివర క్లోజప్ అనేది అలవాటైన వరుస. పద్యనాటకం ఆడిన నటుడికి శరీరమంతా వాడే అలవాటు ఉంటుంది కాబట్టి మాస్టర్‌లో అతను కుదురుకుంటాడు, ఈ వరుస అతనికి మేలు చేస్తుంది. కానీ ఏడుపు లాంటి భావం మూడోసారికి ఆవిరైపోయే నటి అయితే, ఆమె క్లోజప్ ముందు తీసి మాస్టర్ చివర పెట్టుకోండి. క్లోజప్‌కు పోయినప్పుడు గొంతు తగ్గించమని మాత్రమే చెప్పకుండా, కెమెరా ఎంత దగ్గరగా ఉందో మానిటరులో ఒకసారి చూపించండి. మంచి నటుడు ఆ తరువాత కనుబొమ కూడా అనవసరంగా కదపడు.

ఎడిటింగ్ పూర్తయిన ఎపిసోడ్‌ను ఎడిటింగ్ గదిలోని పెద్ద మానిటరు మీద చూసి సంతృప్తి పడకండి. మీ ప్రేక్షకులు దాన్ని ట్యూబ్‌లైటు వెలుగుతున్న హాల్లో, లేదా బస్సులో ఫోను మీద చూస్తారు. రొయ్యల గుంట దృశ్యాన్ని లైటు వేసిన గదిలో మామూలు టీవీలో ఒకసారి, ఎండలో ఫోనులో ఒకసారి పెట్టి చూడండి. కాపలా మనిషి చెంప మీది వెలుతురు రెండు చోట్లా కనబడకపోతే, ప్రసారానికి పంపే ముందు కలర్ గ్రేడింగ్‌లో (రంగులు, వెలుతురు సరిచేసే దశలో) నీడలను కాకుండా ఆ చెంపను మాత్రమే కొద్దిగా పైకి ఎత్తి, మళ్లీ అవే రెండు తెరల మీద సరిచూసుకోండి.